కింది నుంచి కొట్టిన ఎండ

మా చెల్లెలి కూతురు ఈ ఏడాది చర్మ సౌందర్యం కోర్సులో చేరింది. "పెద్దమ్మా, నీ అనుభవం చెప్పు" అని అడిగింది. ఫోన్‌లో చెబితే సగం వినదు, మిగతా సగానికి నవ్వుతుంది. అందుకే రాస్తున్నాను. ఆమెతో పాటు చేరినవాళ్లు కూడా చదువుకోవచ్చు. నా సర్టిఫికెట్లు, జీతాలు, ఎవరు ఎవరిని దాటి సీనియర్ అయ్యారు అన్నవి ఇందులో ఉండవు. అవి కావాలంటే ఏ క్లినిక్‌కైనా వెళ్లి గోడలు చూడండి, ఫ్రేములు కట్టి తగిలించి ఉంటారు.

నేను రిటైర్ అయ్యానంటే మా వీధిలో నవ్వారు. ఆ మాట స్కూలు మాస్టర్లకీ బ్యాంకు వాళ్లకీ మాత్రమే చెల్లుతుందని వాళ్ల లెక్క. నాకు యాభై రెండేళ్లు. కుడి మణికట్టు పెన్ను పట్టుకుంటే సలుపుతుంది. బెంగళూరులో పద్దెనిమిదేళ్లు, ఆంధ్ర సరిహద్దున ఉన్న పావగడలో ఏడేళ్లు మనుషుల మొహాల మీద వంగి వంగి నా మెడ ఇప్పుడు నిటారుగా నిలబడనంటుంది. దీన్ని రిటైర్మెంటు అనకపోతే ఏమనాలో వాళ్లే చెప్పాలి.

అసలు ఈ పని ఏమిటి

మైక్రోడెర్మాబ్రేషన్ అన్న పేరు చూసి భయపడనక్కర్లేదు, మురిసిపోనూ అక్కర్లేదు. కత్తి లేదు, కుట్టు లేదు, మత్తుమందు లేదు. చివరన సన్నటి వజ్రపు పొడి అద్దిన గొట్టం ఒకటి ఉంటుంది. అది చర్మం పైపొరని గీకుతుంది, గీకిన పొట్టుని తనే లోపలికి పీల్చుకుంటుంది. పిల్లి నాకినట్టు ఉంటుంది, అంతే. పోయేది చచ్చిన చర్మం. రేపో ఎల్లుండో తనంతట తానే రాలిపోయేదాన్ని మనం కాస్త ముందుగా రాల్చి డబ్బు తీసుకుంటాం.

దీనివల్ల మొహం కొంచెం నునుపవుతుంది. కొంచెం తేటపడుతుంది. రంధ్రాలు కొంచెం చిన్నగా కనబడతాయి. లోతు గుంటలు పూడవు. పుట్టిన రంగు మారదు. బుగ్గల మీద గోధుమరంగులో పరుచుకునే మంగు పోదు, ఎందుకంటే దాని వేరు ఈ గొట్టం అందుకోలేనంత లోపల ఉంటుంది. ఈ పేరా మీకు క్లినిక్‌లో ఎవరూ నేర్పరు. నేర్పితే వచ్చినవాళ్లలో సగం మంది చెప్పులు వేసుకుని వెళ్లిపోతారు.

స్టెల్లా మేడమ్

బెంగళూరులో నాకు పని నేర్పింది స్టెల్లా మేడమ్. మంచిదని చెప్పను, పని తెలిసిన మనిషి. చేరిన వారం రోజులూ నన్ను ఒక్క మొహం ముట్టుకోనివ్వలేదు. నా ఎడమ చేతి లోపలి వైపే గొట్టం నడిపించింది. రెండు వేళ్లతో చర్మం సాగదీసి పట్టుకో, ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కించకు, లేత గులాబీ రంగు తిరగగానే ఆపు. ఇవే మాటలు వారమంతా. ఆఖరి రోజు గొట్టాన్ని కావాలనే గట్టిగా నొక్కమంది. నొక్కాను. చేతి మీద ఎర్రటి చార లేచింది, పది రోజులకి గానీ మాయలేదు. నీ చెయ్యి కాబట్టి పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని తిరిగావు, మొహానికి ఏ జాకెట్టు వేస్తావు అని అడిగింది. నేను నేర్చుకున్న పాఠాల్లో ఇప్పటికీ పనికొచ్చేది అదొక్కటే.

ఆమెలో నచ్చని సంగతీ ఉంది. మొహం చూసేది, మనిషిని చూసేది కాదు. ఏం పని చేస్తారు, ఎక్కడుంటారు అని ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. పని అయ్యాక అందరికీ ఒకటే కాగితం ఇచ్చేది: ఎండలో తిరగొద్దు, తల కప్పుకోండి, సన్‌స్క్రీన్ రాసుకోండి. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఇంట్లోంచి కారులోకి, కారులోంచి ఆఫీసులోకి పోయేవాళ్లు. వాళ్లకి ఆ కాగితం సరిపోయింది. పావగడ వచ్చేటప్పుడు నేను దాన్ని కన్నడంలోకీ తెలుగులోకీ రాసి తెచ్చుకున్నాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను కూడా.

గట్టిగా రుద్దమనేవాళ్లు

పావగడ చుట్టుపక్కల సోలార్ పార్కు వచ్చాక భూమి ఉన్నవాళ్లకి ఏటా కౌలు రావడం మొదలైంది. భూమి లేనివాళ్లకి ఎండతో కరెంటు తీసే ఆ ప్లేట్లు తుడిచే పని, గడ్డి కోసే పని దొరికింది. పావగడలో మందుల షాపు మీద చర్మం క్లినిక్ తెరిచారు. డాక్టరు తుమకూరు నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మిగతా రోజులు యజమానురాలినీ నేనే, ఊడ్చేదాన్నీ నేనే.

ఇక్కడి జనానికి నొప్పి పుడితేనే వైద్యం. నిడుగల్లు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, నిన్నమొన్నటిదాకా గొర్రెలు మేపిన మనిషి. మనవరాలి పెళ్లి ఫొటోల కోసమని కూతురు బలవంతంగా తీసుకొచ్చింది. బల్ల మీద పడుకుని, సగం మొహం అయిపోయాక కళ్లు తెరిచి, "ఇంకా మొదలుపెట్టలేదా తల్లీ?" అన్నాడు. అంతా అయ్యాక అద్దం ఇస్తే అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు.

"దీనికంటే మా ఇంటిది పీచుతో రుద్దేది నయం గదమ్మా. రగతమన్నా కనబడేది."

నవ్వాను. కానీ రోజుకి నలుగురు అలా అడుగుతుంటే మన చెయ్యి మనకి తెలియకుండానే బరువెక్కుతుంది. వాళ్లు అడిగారు కదా అని నొక్కొద్దు. రేపు మచ్చ పడితే అడిగిన సంగతి వాళ్లకి గుర్తుండదు, గుర్తుండాల్సిన అవసరమూ లేదు.

డాక్టరుది ఇంకో రకం గట్టితనం. అరసికెరె నుంచి ఒక ఆటో డ్రైవరు నిశ్చితార్థానికి ముందు వచ్చాడు. మొహం నిండా చీముపట్టిన మొటిమలు. అలాంటి మొహం మీద గొట్టం నడిపితే చీము ఒకచోటు నుంచి ఇంకోచోటుకి పాకుతుందని ఈ వృత్తిలో మొదటి రోజు చెప్తారు. డాక్టరు మాత్రం చేసేయమన్నాడు. వాదించాను. ఇక్కడ డాక్టరు ఎవరు అని అడిగాడాయన. నేను బయటికొచ్చి మెషీన్ ఆన్ చేశాను. పది రోజులకి అతని మొహం ఇంకా వాచిపోయి వచ్చింది. ఇంట్లో చేతులు పెట్టి గిల్లుకుని ఉంటావని డాక్టరు అతన్నే తిట్టి పంపాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా నోరు ఊరంతటికీ తెలుసు. ఆ రోజు మాత్రం అది లేవలేదు.

గంగరత్న

సోలార్ పార్కు ఉన్న రాయచెర్లు ఊరి గంగరత్న మా దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకి ముప్ఫై రెండేళ్లు. ప్లేట్లు తుడిచే పని, కాంట్రాక్టరు కింద. రెండో కాన్పు తర్వాత రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. ఏడేళ్ల నుంచి ఉన్నదానికి ఇప్పుడెందుకు వచ్చావని అడిగాను. మీరూ అడగండి. మొహం కోసం మాత్రమే మొహం బాగుచేసుకునేవాళ్లు నాకైతే తగల్లేదు.

పార్కు ఆఫీసులో ముందు గదిలో కూర్చోవడానికి ఒక ఆడమనిషి కావాలట. ప్లేట్లు చూడ్డానికి వచ్చే అధికారులనీ కాలేజీ పిల్లలనీ కూర్చోబెట్టాలి, పేర్లు రాసుకోవాలి. గంగరత్న పియుసి, అంటే ఇంటర్, పాసైంది. రెండు నెలల్లో ఆ పనికి మనిషిని తీసుకుంటారని, అక్కడ కూర్చోవాలంటే మొహం చూడదగ్గట్టు ఉండాలని సూపర్‌వైజరు అన్నాడట.

"నేను పియుసి చదివినానని మా ఇంట్లోవాళ్లకే గుర్తులేదు మేడమ్. ఒక్కసారన్నా కుర్చీలో కూచోని పేర్లు రాసే పని చేయాల" అంది.

మంగు ఈ మెషీనుతో పోదని, ఎండలో పనిచేసేవాళ్లకి గీకితే ఇంకా నల్లబడొచ్చని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె లేచి చీర సర్దుకుంది. లోపలి గదిలోంచి డాక్టరు విని పిలిచాడు. ఆరు సిట్టింగులు, ఒక క్రీము, ప్రయత్నిస్తే పోయేదేముంది అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను డాక్టరు గదిలోకి వెళ్లి తలుపు వేసి పావుగంట వాదించాను. బయటికొచ్చేసరికి ఆమె ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టి బల్ల మీద పడుకుని ఉంది.

మెషీన్ ఆన్ చేశాను. ఇది చదివే పిల్లలకి చెప్తున్నాను, వాదించడం వేరు, చేయనని చెప్పడం వేరు. నేను జీవితమంతా వాదించాను, ఆ తర్వాత చేశాను. అందరూ నన్ను మొండిదాన్ని అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

మొదటి రెండు సిట్టింగులకీ మొహం తేటపడింది. ఆ తేట నాలుగు రోజులుంటుంది, ఎవరికైనా అంతే. గంగరత్న మాత్రం పొంగిపోయింది. మూడోదానికి రంగు కాస్త మందగించింది. నాలుగోదానికి వచ్చేసరికి మంగు బుగ్గలు దాటి పై పెదవి మీదికి, దవడల దాకా దిగింది. కాలిన పెనం రంగు.

హాల్లో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. వాళ్లందరి ముందూ అరిచాను. కాగితం ఇచ్చానా లేదా, చదువుకున్నదానివే కదా, ఎండలో తిరిగి వచ్చి నా మీద పెడతావా అన్నాను. తిరగలేదంది. తెల్లారి ఆరింటి నుంచి పదింటి దాకా ఉండే షిఫ్టుకి మారిందట, దానికోసం ఇంకొకామెతో గొడవ కూడా పడిందట. తలకి టవలు, టవలు మీద టోపీ, చీర మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా. "పైనుంచి ఒక్క చుక్క ఎండ పడనియ్యలేదు మేడమ్. మా పిల్లోల్ల మీద ఒట్టు" అంది.

పిల్లల మీద ఒట్టు వేసి అబద్ధాలాడేవాళ్లని చాలామందిని చూశానన్నాను. అన్న మాట రాస్తున్నాను, దాచడం లేదు.

ఆమె వెళ్లడానికి లేచింది. టవలు తీసి తలకి చుట్టుకుంటూ ముడి కోసం గడ్డం పైకెత్తింది. అప్పుడు కనబడింది. గడ్డం కింద, మెడ మొదలయ్యేచోట, ముక్కు రంధ్రాల అంచుల దగ్గర నలుపు. మనిషి మొహంలో ఎండ ఎరగని చోట్లు అవి. ముప్ఫై ఏళ్లు పొలంలో పనిచేసినవాళ్లకి కూడా గడ్డం కింద మాత్రం లేతగా ఉంటుంది. ఈమెకి నుదురు బాగుంది, గడ్డం కింద మాడింది. నేను పిలిచేలోగా మెట్లు దిగిపోయింది.

రాయచెర్లులో

రెండు రోజులు అది నన్ను తినేసింది. మూడో రోజు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి రాయచెర్లు వెళ్లాను. ఆరేళ్లుగా అక్కడి మొహాలు చూస్తున్నాను, ఆ మొహాలు ఎక్కడ పనిచేస్తాయో చూడ్డానికి వెళ్లడం అదే మొదటిసారి. గేటు దగ్గర ఆపేశారు. గంగరత్న వాళ్ల సూపర్‌వైజరుకి కబురు పంపితే ఆయన వచ్చి లోపలికి తీసుకెళ్లాడు.

ప్లేట్లు ఏటవాలుగా, వరుసల వెంట వరుసలు, చూపు ఆనినంత దూరం. ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా ఒకరు పైపుతో నీళ్లు కొడుతుంటే ఇంకొకరు పొడుగు కర్రకి కట్టిన బ్రష్షుతో తుడుస్తున్నారు. నన్ను చూసి ఒకామె, "ఈయమ్మేనా మొగాలు గీకేది?" అంది. ఇంకొకామె, "నా మొగం గూడా చూడు మేడమ్. ఈ ప్లేటు మాదిరి తళతళలాడాల" అంది. అందరూ నవ్వారు. గంగరత్న నవ్వలేదు, పని ఆపలేదు.

ఆమె పక్కన వెళ్లి నిలబడ్డాను. ఎనిమిదిన్నర అయి ఉంటుంది. ఎండ మా వెనక నుంచి ఇంకా ఏటవాలుగానే ఉంది, నెత్తి మీదికి రాలేదు. కానీ ముందున్న తడి ప్లేటు మీద పడి తిరిగి లేచి నేరుగా మొహంలోకి కొడుతోంది. పైకి చూసేందుకు లేదు, తుడిచేటప్పుడు కిందికే వంగాలి. ఐదు నిమిషాలకి నా గడ్డం కింద వెచ్చబడింది. తల మీద కప్పుకున్న కొంగు దేనికీ అడ్డం రాలేదు. ఆమె టోపీ అంచు లోపలి వైపు కూడా వెలుతురు ఆడుతోంది. పైగా నేను ఎప్పటికప్పుడు పైపొర తీసేసి పచ్చిగా పంపిన చర్మం. మిట్టమధ్యాహ్నం మామూలు పొలంలో కలుపు తీసినా ఇంత జరిగేది కాదేమో. కాగితం చెప్పిందంతా ఆమె అక్షరం పొల్లుపోకుండా చేసింది. ఏటవాలు ఎండ ప్లేటు మీంచి మొహంలోకి లేచే పొద్దుటి షిఫ్టుకి మారింది కూడా ఆ కాగితం చూసే. అందువల్లే ఇలా అయింది.

అబద్ధమన్నందుకు తప్పు నాదేనని చెప్పాను. ఆ మాట ఎనిమిది మంది ముందు అన్నారు, ఇది పైపు చప్పుడులో చెప్తున్నారు అంది, కర్ర మీంచి కళ్లు తిప్పకుండా.

ఇంక మిగిలింది ఆ ముందు గది పని. మొహం ఇలా కావడం నా వల్ల జరిగింది, ఆమెకి ఇంకొన్నాళ్లు గడువివ్వమని సూపర్‌వైజరుని అడిగాను. ఆయన వింతగా చూశాడు.

"దానికి మొగమెందుకు మేడమ్? వాళ్లకి హిందీ కావాల. హిందీ వచ్చిన పిల్ల దొరికింది, పోయిన వారమే చేరింది."

"చూడదగ్గట్టు ఉండాలని మీరే చెప్పినారంట గదప్పా?"

"నవ్వులాటకి ఏదో అనింటాను. అదంతా పట్టించుకుంటారా ఎవురన్నా?"

గంగరత్న ఆ వరుస చివరిదాకా తుడిచింది. బ్రష్షు నేలకి ఆనించి నిలబడింది.

"ముందే చెప్పింటే హిందీ నేర్చుకునుంటాను గదన్నా, ఈ రెండు నెల్లూ."

సూపర్‌వైజరు ఫోను చూసుకుంటూ గేటు వైపు నడిచాడు.

ముందు గదులు

తర్వాతి వారం ఆమెని బతిమాలి క్లినిక్‌కి రప్పించాను. హాలు నిండా జనం ఉన్న రోజే రమ్మన్నాను. ఈమె అబద్ధమాడలేదు, తప్పుగా చెప్పింది నేను అని అందరికీ వినబడేలా చెప్పాను. డాక్టరు లోపలికి పిలిచి, మన క్లినిక్ పరువు మనమే తీసుకుంటామా అన్నాడు. మిగిలిన మూడు సిట్టింగులకి బదులు ఇంకా ఘాటైన మందు పూసి పైపొర లేపుదామన్నాడు. చేయనన్నాను. ఈసారి వాదించలేదు. మీరు చేస్తానంటే చేసుకోండి, నేను చేయను, ఆమెని చేయించుకోనివ్వను అన్నాను. అంత చిన్న మాట. ఇరవై నాలుగేళ్లు పట్టింది.

అప్పటికి మా హాల్లో పేర్లు రాసే టేబులు ఖాళీగా ఉంది. గంగరత్నని అక్కడ కూర్చోబెడదామని అడిగాను. కన్నడం, తెలుగు రెండూ రాస్తుంది, హిందీ అక్కర్లేదు. డాక్టరు నవ్వాడు. ఆ మొహం చూస్తే వచ్చిన పేషెంటు గుమ్మంలోంచే తిరిగిపోతాడన్నాడు. ఈ సంగతి ఆమెకి చెప్పకూడదనుకున్నాను గానీ, ఆ టేబులు పని ఏమైందని ఆమే అడిగేసింది. డాక్టరు ఒప్పుకోలేదని మాత్రం అన్నాను.

"నాకు తెలుసులే మేడమ్. మచ్చలున్నోల్లని చర్మం ఆస్పత్రిలో యాడ కూచోబెట్టుకుంటారు?" అంది.

సూపర్‌వైజరు నవ్వులాటకి అన్న మాట మా దగ్గర నిజం. బయటి నుంచి వచ్చి ఎవరూ మనకి ఆ మాట నేర్పలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఇది తెలిసే రండి. మనం అమ్మేది నునుపు కాదు, నునుపు లేకపోతే ముందు గదిలోకి రానివ్వరన్న భయం. దాన్ని ముందు మనమే తయారుచేస్తాం.

నేను ఇంకో ఏడాది అక్కడే పనిచేశాను. వెంటనే మానేశానని రాస్తే బాగుండేది, నిజం కాదు.

ఆ ఏడాదంతా గంగరత్న నెలకోసారి వచ్చేది. మెషీనుకి గుడ్డ కప్పి ఉంచేదాన్ని. గడ్డం కింద, పై పెదవి మీద, మెడ మీద సన్‌స్క్రీన్ ఎలా రాయాలో చూపించాను. కళ్లు మాత్రం కనబడేలా కింది నుంచి పైకి గుడ్డ చుట్టుకోమన్నాను. కొన్నాళ్లకి ఆ వరుసల్లో పనిచేసే ఆడవాళ్లంతా అలాగే చుట్టుకుంటున్నారని చెప్పింది. కాగితం చింపి కొత్తది రాశాను. అందులో మొదటి లైను ప్రశ్న: మీరు ఎక్కడ నిలబడి పనిచేస్తారు? ఇంతకుమించి నేనేమీ చేయలేదు. చేయకుండా ఉండటమే ఆ ఏడాది నేను చేసిన వైద్యం, దానికి ఎవరూ డబ్బివ్వరు.

నలుపు మెల్లగా వెనక్కి తగ్గింది. ముందు మెడ, తర్వాత దవడలు, ఆఖరున పై పెదవి. పదకొండో నెలలో వచ్చినప్పుడు రెండు బుగ్గల మీదా మొదట్లో ఉన్న మంగు మాత్రం మిగిలింది. ఏది పోగొట్టుకోవాలని వచ్చిందో అదే, అంతే వెడల్పున. అద్దం చేతికిచ్చాను.  ఈ కాడికి ఇన్ని తిప్పలెందుకని అడుగుతుందనుకున్నాను.

చాలాసేపు చూసుకుంది. గడ్డం ఎత్తి కింద కూడా చూసుకుంది. బుగ్గ మీది మచ్చని వేలితో ఒకసారి తడిమింది.

"ఇదేనక్కా నా మొగం. మల్లా వచ్చింది" అంది. అద్దం బోర్లా పెట్టి, గుడ్డ చుట్టుకుని లేచింది. "ఇంక దీన్ని ఎవుర్నీ ముట్టుకోనియ్యను."